కుళ్ళాయి చెప్పే కబుర్లు

మా ఇంట్లో గోడకి ఓ పాత ఫొటో ఉంది. మా అమ్మవాళ్ల నాన్నది. ధర్మవరంలో ఏదో స్టూడియోలో తీయించుకున్నది. వెనక తెరమీద మేడమెట్లు, ఓ పూలకుండీ. ముందు నల్లకోటుతో తాత. ఎడమచెయ్యి బల్లమీద ఆనించి నిలబడి ఉంటాడు. ఆ చెయ్యి ఎలా ఆనించాడంటే... కోటు చెయ్యి కాస్త పైకి జరిగి రిస్టువాచీ మొత్తం కనిపిస్తుంది. జేబుకి పెన్ను. చూసినవాళ్లెవరైనా ఏ తాలూకాఫీసులో గుమాస్తానో అనుకుంటారు. కానీ ఆయన చేసిన పని ఒక్కటే... పట్టుచీరలు నేయడం!

చిన్నప్పుడు ఓసారి మా అవ్వని అడిగాను ఆ ఫొటో గురించి. పకపకా నవ్వింది. 'కోటు ఆయప్పది కాదు నాయనా, స్టూడియోవాళ్లది. వాచీ వాళ్ల మామది. పెన్నొక్కటే మాది' అంది. అదీ సంతకం రాని మనిషికి!

తాత గురించి అమ్మ చెప్పే ఇంకో సంగతుంది. నూలూ జరీ ఇచ్చే షావుకారు ఇంటిముందుకు వస్తే చాలు, తాత చెయ్యి తనకు తెలీకుండానే భుజంమీదికి వెళ్లేదట. అక్కడున్న తువ్వాలు తీసి నడుముకు చుట్టుకునేవాడట. షావుకారు వెళ్లిపోగానే మళ్లీ భుజంమీదికి. తువ్వాలు అదే, మనిషీ అతనే. అది ఎక్కడుందో చూస్తే చాలు... ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసిపోయేది.

బట్టా, చెయ్యీ కలిసి ఇన్ని మాటలు చెబుతాయా? చెబుతాయి. సుమారు 500 ఏళ్ల కిందట, మా తాత ఊరికి కాస్త దూరంలోనే, ఓ పెద్దమనిషి కూడా తన బొమ్మ వేయించుకున్నాడు. ఫొటోలు లేవు కదా... గుడి పైకప్పుమీద, రంగుల్లో. ఆయన్ని చూద్దామనే ఈసారి హిందూపురంలో బస్సు దిగాను.

కళ్లు కాదు... మనిషి!

హిందూపురం అంటే వ్యాపారుల ఊరు. బెల్లం, చింతపండు, మిరపకాయలు... వాటన్నిటితోపాటు పట్టుగూళ్లు. చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోటలు పెంచి, పురుగుల్ని మేపి, ఆ గూళ్లను రైతులు ఇక్కడి మార్కెట్‌కి తెస్తారు. తెల్లగా, పసుప్పచ్చగా కుప్పలు పోసిన గూళ్లలోంచి ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల పురుగు గలగలమంటుంది. ఆ గూడు దారమై, దారం చీరై ఎక్కడికి వెళుతుందో తర్వాత చెప్పుకుందాం.

అక్కణ్నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. ఊరి మొదట్లోనే నంది పలకరిస్తుంది. ఒకే రాయిలో చెక్కిన బసవన్న. ఎత్తు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. దాని ఫొటోలు చూడని తెలుగువాళ్లుండరు. అది దాటి కాస్త ముందుకెళితే తాబేలు వీపులాంటి బండమీద వీరభద్రస్వామి గుడి. విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో, అంటే 1530ల్లో, విరుపణ్ణ అనే అధికారి, ఆయన తమ్ముడు వీరణ్ణ కలిసి దీన్ని కట్టించారు. విరుపణ్ణ పెనుకొండలో రాజుగారి తరఫున పెత్తనం చేసినవాడు. తండ్రి పేరు నంది లక్కిశెట్టి. ఈ పేరు గుర్తుంచుకోండి... పనికొస్తుంది.

లోపలికెళ్లి కాపలా అతన్ని అడిగాను. 'అన్నా, విరుపణ్ణ బొమ్మ ఏడుండాది?'

'కండ్లా? ఆ గోడమీద ఎర్రగా రెండు మచ్చలుండాయి సూడు...'

'కండ్లు కాదన్నా, మనిషి!'

అతను ఒక్క క్షణం ఆలోచించి, 'ఓ... ఆయప్పా! పైన' అంటూ గడ్డం ఎత్తి చూపించాడు.

ఆ మచ్చల కథ చాలామందికి తెలిసిందే. రాజు సొమ్ముతో అనుమతి లేకుండా గుడి కట్టాడని విరుపణ్ణమీద కొండేలు చెప్పారట. కళ్లు తీసేయమని రాజు ఆజ్ఞ ఇచ్చాడట. ఆ మాట వినగానే విరుపణ్ణ తనే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట. సగంలో ఆగిన కల్యాణ మండపాన్ని చూపించి, అందుకే ఆగిపోయిందంటారు. శాసనాల్లో ఈ సంగతి లేదు. ఊరి నోట్లో మాత్రం ఉంది. అందుకే వచ్చినవాళ్లంతా మచ్చల దగ్గర గుమిగూడతారు. తర్వాత వేలాడే స్తంభం. దాని కిందనుంచి గుడ్డ ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగి ముచ్చటపడతారు. మెడ ఎత్తి చూసేవాళ్లు చాలా తక్కువ. నేనున్న రెండు గంటల్లో లెక్కపెడితే పదిమందైనా లేరు.

మెడ నొప్పి పుట్టినా సరే ఎత్తాల్సిందే. మండపాల కప్పంతా పొడవాటి పట్టీలుగా బొమ్మలే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, దూడను చంపిన కొడుకుని శిక్షించిన మనునీతి చోళుడు, పాచికలాడుతున్న శివపార్వతులు, మర్రాకుమీద చిన్నికృష్ణుడు. వీరభద్రుడి బొమ్మైతే మరీ పెద్దది. ఇటుకరాయి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, దీపపు మసి నలుపు... అన్నీ మట్టి వాసనున్న రంగులే. చాలాచోట్ల పెచ్చులూడిపోయాయి. కొన్నిచోట్ల ముఖం పోయి కిరీటం మిగిలింది. ఇంకోచోట మనిషి పోయి పంచె అంచు మాత్రం మిగిలింది!

వాటి మధ్యే కనిపించారు... అన్నదమ్ములు, వాళ్ల వెనక పరివారం. అర్చకులు విభూతి ఇస్తుంటే చేతులు జోడించి నిలబడ్డారు. తలమీద పొడవాటి కుళ్ళాయిలు.

దండం అందరిదీ... టోపీ కొందరిదే

కింద పేర్లు రాసి లేవు. మరి వీళ్లే గుడి కట్టించినవాళ్లని ఎలా తెలుసు? అదే అసలు సంగతి. బొమ్మలో ముందూ వెనకా చూడాలి. విభూతి ఎవరికిస్తున్నారో చూడాలి. తలమీద ఏముందో చూడాలి. చేతులు చూసి మాత్రం చెప్పలేం. ఎందుకంటే దేవుడి ముందు అందరూ పెట్టేది ఒకే దండం. దొర చేసినా అదే, వెనకున్న నౌకరు చేసినా అదే. చేతులు 'నేను నీ దాసుణ్ని' అంటున్నాయి. పైనున్న కుళ్ళాయి మాత్రం 'అయినా నేనెవరో చూశావా' అంటోంది!

ఈ కుళ్ళాయి మామూలు టోపీ కాదు. కోన్ ఐస్‌క్రీమ్‌ని బోర్లించినట్టు నిటారుగా, పొడవుగా ఉంటుంది. జరీబుట్టాల గుడ్డతో కుట్టేవారు. తిరుమల గుడిలోకి అడుగుపెట్టగానే రాయల మండపంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయలి రాగి విగ్రహాన్ని చూశారు కదా... ఆయన తలమీదున్నదీ అదే. అక్కడ భుజాలమీద పేర్లు చెక్కారు కాబట్టి ఎవరన్న అనుమానం లేదు. క్యూలో తోసుకుంటూ వెళ్లే హడావుడిలో మనం చూసీ చూడనట్టు వెళ్లిపోతాం. ఈసారి ఆగి చూడండి. రాయలు ఒంటిమీద చొక్కా లేదు. పంచె కట్టు. చేతులు భక్తుడివి. ఆయన చక్రవర్తి అని చెప్పే పనంతా తలమీద టోపీకే!

లేపాక్షిలో రంగులు వేస్తున్న రోజుల్లోనే, 1535-37 మధ్య, నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి విజయనగరంలో ఉన్నాడు. ఏది ఎంత ఖరీదో చూడ్డం వ్యాపారి బుద్ధి కదా... రాజుగారి బట్టల్ని కూడా వెలకట్టి రాసుకున్నాడు. తలమీద పెట్టుకునే జరీ టోపీల్ని వీళ్లు 'కులాయి' అంటారనీ, ఒక్కోటి 20 క్రుజాదోలు చేస్తుందనీ, రాజు ఒకసారి తలనుంచి తీసిన టోపీని మళ్లీ పెట్టుకోడనీ రాశాడు. క్రుజాదో అంటే ఆనాటి పోర్చుగీసు బంగారు నాణెం. ఇరవై బంగారు నాణేల టోపీ... ఒక్కసారికే!

ఆయనకన్నా ముందు, 1520 ప్రాంతంలో వచ్చిన పేస్ అనే ఇంకో పోర్చుగీసాయన శ్రీకృష్ణదేవరాయల్ని కళ్లారా చూశాడు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లటి బట్టలు, మెడలో వజ్రాల నగ, తలమీద జరీ టోపీ... ఇవన్నీ చెప్పి, రాజు కాళ్లకు మాత్రం చెప్పుల్లేవని రాశాడు. ఆయన ముందుకు ఎవరొచ్చినా ఒట్టి కాళ్లతోనే రావాలి. ఆ కొలువులో అన్నిటికన్నా పెద్ద మర్యాద ఏంటో కూడా పేస్ గమనించాడు. రెండు చేతులూ జోడించి తలకన్నా పైకి, ఎంతెత్తు ఎత్తగలిగితే అంతెత్తు ఎత్తడం. అంటే దండానికీ ఎత్తులున్నాయన్నమాట!

తలపాగానో టోపీనో తీసేయడం మర్యాదని ఇప్పుడు మనలో చాలామంది అనుకుంటాం. అది తెల్లవాళ్ల పద్ధతి. ఆ రోజుల్లో కొలువుకెళ్లేటప్పుడు తలమీద కుళ్ళాయి ఉండటమే మర్యాద. ఆ ఆచారం ఎక్కణ్నుంచి వచ్చిందంటే... పారశీక దేశం నుంచి. అక్కడి 'కులాహ్' ఇక్కడ కుళ్ళాయి అయింది. అరబ్బుల 'కబా' అనే పొడుగు అంగీ కబాయి అయింది. ఈ రెండూ వేసుకున్న కొలువు మనుషులు లేపాక్షి బొమ్మల్లో కనిపిస్తారు. ఫిలిప్ వ్యాగనర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1996లో దీనిమీదే ఓ పెద్ద వ్యాసం రాశాడు. బహమనీ సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ల దర్బారు దుస్తుల్ని విజయనగర రాజులు ఇష్టంగా తెచ్చుకున్నారనీ, అప్పటి ప్రపంచంలో పెద్ద రాజులు ఎలా కనిపిస్తారో తామూ అలా కనిపించాలనుకున్నారనీ ఆయన వాదన. ఇప్పుడు కలెక్టరాఫీసులో మీటింగుకి ప్యాంటూ షర్టూ వేసుకున్నట్టే అనుకోవచ్చేమో! గుడికెళితే మళ్లీ పంచే.

పాపం మన శ్రీనాథుడు! రాయల కొలువుకు వెళ్లినప్పుడు తలకు కుళ్ళా పెట్టి, పెద్ద అంగీ తొడగాల్సి వచ్చిందని ఆయన వాపోయినట్టు ఓ చాటుపద్యం ఉంది. కవిసార్వభౌముడికైనా డ్రెస్‌కోడ్ తప్పలేదు.

ఇప్పుడు ఆ తండ్రి పేరు గుర్తుచేసుకోండి. నంది లక్కిశెట్టి. పేరు చివర శెట్టి. కొడుకు పేరు చివరికొచ్చేసరికి నాయకుడు. తండ్రికి లేని పదవి కొడుక్కి వచ్చింది. ఆ వచ్చిన సంగతి నలుగురికీ, నాలుగు తరాలకీ తెలియాలంటే ఎలా? అప్పుడు గుడి పైకప్పుకి మించిన ఫ్లెక్సీ లేదు. విరుపణ్ణ తన పేరు రాయించుకోలేదు, టోపీ వేయించుకున్నాడు. నా మటుకు నాకు ఆ నిలువెత్తు కుళ్ళాయిలో కొత్త ఉద్యోగం తాలూకు తళతళ కనిపించింది. మా తాత పెన్ను గుర్తొచ్చింది కూడా.

నడుంమీద చెయ్యి

మనవాళ్లు చేతులు జోడించి గొప్పదనం చెబితే, యూరప్‌వాళ్లు చెయ్యి నడుంమీద పెట్టి చెప్పారు. విరుపణ్ణకి ఓ వందేళ్ల తర్వాత అక్కడ 'బరోక్' కాలంలో రాగిరేకులమీద సన్నని గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితంమీద అచ్చువేసే మనుషుల బొమ్మలు బాగా చలామణీ అయ్యాయి. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ బొమ్మ చాలామంది చరిత్ర పుస్తకాల్లో చూసే ఉంటారు. 1701లో రిగో అనే చిత్రకారుడు వేశాడు. అప్పటికి రాజుకి 60 దాటాయి. అయినా మేజోళ్లు వేసుకున్న కాలు ముందుకు చాపి, నడుంమీద చెయ్యి పెట్టి, ఎర్రమడమల జోళ్లతో నిలబడతాడు. భుజాలమీంచి నేలదాకా జారే బొచ్చు అంచుల శాలువా. ఆ బొమ్మని ద్రెవే అనే ఆయన రాగిరేకుమీదికి ఎక్కించాడు. అచ్చులో రంగుండదు. ఎరుపూ నీలమూ పోతే ఇక మిగిలేది గీతే. ఆ ఒక్క గీతతోనే ఇది పట్టు, ఇది ముఖమల్, ఇది జంతువు బొచ్చు అని తెలిసేలా చెక్కాలి. లేదంటే రాజు మామూలు మనిషైపోతాడు!

వాన్‌డైక్ అనే ఇంకో చిత్రకారుడు 1630ల్లో ఇలాంటి అచ్చుబొమ్మల వరసే వేయించాడు. అందులో మూడు జట్లు. రాజులూ సేనాపతులూ ఒకటి, మంత్రులూ పండితులూ ఒకటి, చిత్రకారులూ బొమ్మలు సేకరించేవాళ్లూ ఇంకొకటి. సేనాపతికి ఇనుప కవచం, పండితుడికి నల్లటి అంగీ. మరి చిత్రకారులకి? చాలామంది చేతుల్లో కుంచె ఉండదు. భుజంమీద దుప్పటి జార్చుకుని, వేళ్లు నాజూగ్గా మడిచి, జమీందార్లలా నిలబడతారు. చేత్తో పనిచేసి బతికేవాళ్లం కాదు, మేమూ పెద్దమనుషులమే అని చెప్పుకోవడం అది.

లేపాక్షిలో రంగులు వేసినవాళ్లు మాత్రం తమని తాము ఎక్కడా వేసుకోలేదు. పేరు కూడా తెలీదు.

టోపీ పేరున్న ఊరు

పెనుకొండ ఇక్కణ్నుంచి పెద్ద దూరం కాదు. విరుపణ్ణ పెత్తనం చేసిన ఊరు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక, తిరుమల రాయలు ఖజానా తీసుకుని ఇక్కడికే వచ్చాడు. తర్వాత పాతికేళ్లకు పైగా ఇదే రాజధాని. ఇప్పుడు ఊళ్లో ఎటు చూసినా ఓ కోటగోడ ముక్క, ఓ మండపం. గగన్ మహల్ ముందు నిలబడితే ఓ తమాషా కనిపిస్తుంది. కింద అంతా సుల్తానుల తరహా కమానులు. పైన గుడి గోపురంలాంటి శిఖరం. మనుషులకే కాదు, మేడలకీ టోపీలు మార్చారు!

కొండకింద బాబయ్య దర్గా ఉంది. లోపలికి వెళ్లేవాళ్లు ముందు తల కప్పుకుంటారు. టోపీ లేకపోతే చేతిరుమాలు, అదీ లేకపోతే భుజంమీద తువ్వాలు. నా ముందు ఓ ముసలాయన నుదుట విభూతి చెరక్కుండా జాగ్రత్తగా తువ్వాలు తలకి చుట్టుకుని లోపలికెళ్లాడు. అదే తువ్వాలు షావుకారు ముందు నడుముకి, పొలంలో తలకి, గుడిలో మళ్లీ నడుముకి! రెండున్నర గజాల గుడ్డకి ఎన్ని పనులు.

అన్నట్టు, ఈ జిల్లాల్లో కుళ్ళాయప్ప అనే పేరు ఎంతమందికి ఉంటుందో చెప్పలేం. హిందువుల్లోనూ ఉంటారు, ముస్లింలలోనూ ఉంటారు. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం పండగప్పుడు లేచే పీరు పేరు కుళ్ళాయిస్వామి. ఆయన పేరే పిల్లలకి పెట్టుకుంటారు. రాజులు పోయారు, వాళ్ల టోపీలూ పోయాయి. టోపీ పేరు మాత్రం బడి హాజరు పట్టీల్లో రోజూ పలుకుతోంది.

హైవే ఎక్కితే ఇంకో వేషం. 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీ ఈ పక్కనే. షిఫ్టు దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లని గమనించాను. అందరివీ ఒకే రకం యూనిఫాంలు. మెడలో ఐడీ కార్డు. ఇంటికెళుతున్నా కార్డు మాత్రం తీయలేదు ఒకతను. 'తీయవా అన్నా?' అంటే నవ్వాడు. 'ఊళ్లోకి పోతాండా కదా సార్... ఉండనీ.'

చీరమీదికి దిగిన గుడి

పొద్దువాలే వేళకి ధర్మవరం చేరాను. రైల్వే జంక్షన్ కాబట్టి ఎక్కణ్నుంచైనా రావచ్చు. పట్టుచీరల పేరు చెప్పి ఎక్కణ్నుంచైనా వస్తారు కూడా. స్టేషన్ నుంచి లోపలి వీధుల్లోకి వెళితే చాలు, ఇళ్లలోంచి టకటకమని మగ్గాల చప్పుడు. మా తాత కాలం నాటి చప్పుడే. కాకపోతే ఈమధ్య ఆ చప్పుడు కాస్త పలచబడింది.

లేపాక్షి పైకప్పులో మగవాళ్లకి టోపీలున్నట్టే ఆడవాళ్లకి చీరలున్నాయి. గళ్లు, చారలు, పువ్వులు, తీగలు... ఒక చీరలా ఇంకోటి ఉండదు. పార్వతి పెళ్లికి ముస్తాబైన చెలికత్తెల చీరల అంచులు చూస్తే నిన్న షోరూంలో చూసినట్టే ఉంటాయి. నిజానికి తిరగేసి చెప్పాలి. షోరూంలో ఉన్నవే అక్కణ్నుంచి వచ్చాయి. గుడి ఆవరణలో లతామండపం అని ఒకటుంది. దాని స్తంభాలమీద ఏ రెండూ పోలికలేని తీగలు, హంసలు, చిలకలు. డిజైన్లు గీసేవాళ్లు వాటిని కాగితంమీదికి దింపుకుని వెళతారు. 2019లో డల్లపికోలా, జార్జ్ మిషెల్ లేపాక్షిమీద తెచ్చిన పెద్ద పుస్తకంలో బట్టల సంగతులు చూడ్డానికి బ్రిగిట్ ఖాన్ మజ్లిస్ అనే వస్త్రాల నిపుణురాలిని ప్రత్యేకంగా కలుపుకున్నారంటే, ఆ పైకప్పు ఓ బట్టల బీరువా అని వేరే చెప్పాలా?

ఆనాడు ఆ అంచు ఉన్న చీర కట్టాలంటే కొలువులో చోటుండాలి. ఇప్పుడు పెళ్లికూతురైతే చాలు.

మా మామ ఇంకా నేస్తున్నాడు. గుంతమగ్గంలో కాళ్లు దించుకుని కూర్చుని, పైన జకార్డు పెట్టె, దానికి వేలాడే అట్టలు. అట్టలో చిల్లులు ఎలా ఉంటే అంచులో బొమ్మ అలా వస్తుంది. పొద్దున హిందూపురం మార్కెట్‌లో గలగలమన్న గూడు దారమై, రంగులద్దుకుని ఇలాంటి గుంతల ముందుకే వస్తుంది. మామ మగ్గంమీద ఉన్నది రామాగ్రీన్ చీర, మెరూన్ అంచు, అంచులో హంసలు.

'ఇది లేపాక్షిదే కదా మామా?'

'అంటారప్పా. నేనెప్పుడు సూసినా? అట్ట ఇస్తారు, నేస్తా.'

లేపాక్షికి ఎన్నిసార్లో వెళ్లాడు. నంది చూశాడు, స్తంభం చూశాడు, కళ్ల మచ్చలు చూశాడు. పైకి మాత్రం చూడలేదు. ఫోన్లో నేను తీసిన బొమ్మలు చూపించాను. కుళ్ళాయిల దగ్గర ఆగలేదు. ఓ చెలికత్తె చీర దగ్గర ఆగి, రెండువేళ్లతో పెద్దది చేసి చూశాడు. 'ఇది కుట్టు అంచు మాదిరుండాది. అప్పుడే నేసినారా! నేసినోడు బలే మొనగాడు' అన్నాడు. విరుపణ్ణ గురించి ఒక్క మాట లేదు. ఆ గుడ్డ నేసిన మనిషి మాత్రం ఆయనకి కనిపించాడు.

రకాన్ని బట్టి చీరకి నాలుగు రోజుల నుంచి పది రోజులు పడుతుంది. ఇలాంటి చీరలు మరమగ్గంమీద నేయకూడదని 1985 చట్టం చెబుతోంది. మరమగ్గాలు వినవు. అదే హంస, అదే అంచు, ధర సగం. కొనేవాళ్లకి తేడా తెలీదు. అప్పులు తీర్చలేక ఈ ఊళ్లో నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివామో! మామ ఇద్దరు కొడుకుల్లో ఒక్కరూ మగ్గం ఎక్కలేదు. ఒకతను బెంగళూరులో, ఇంకొకతను పెనుకొండ దగ్గర, మెడలో కార్డుతో.

'షావుకారు వస్తే తువ్వాలు తీస్తావా మామా?' అనడిగాను.

'ఆయప్ప యాడొస్తాడు ఇప్పుడు? వాట్సాప్‌లోనే అంతా. చీర ఫొటో పెడితే దండం బొమ్మ పంపుతాడు' అన్నాడు. జోడించిన రెండు చేతుల ఆ పసుప్పచ్చ బొమ్మని చూపించాడు కూడా. షావుకారు నేతగాడికి దండం పెట్టే రోజులొచ్చాయని నేను నవ్వితే, 'దాంతోపాటు కూలి కూడా రెండు రూపాయలు పెంచితే బాగుండు' అన్నాడు మామ.

బయల్దేరేముందు ఓ ఫొటో తీస్తానన్నాను. ఆయన మగ్గంలో కూర్చుని ఉన్నప్పుడు కిటికీలోంచి పడుతున్న వెలుతురు బాగుంది. పేపర్లో బాగా వస్తుంది. ఫోన్ ఎత్తగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టేశాడు.

'మగ్గం కాడ వద్దప్పా. ఉండు.'

గుంతలోంచి పైకొచ్చి, మోకాళ్లు రుద్దుకుని లోపలికెళ్లాడు. అయిదు నిమిషాలకు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వీధి గుమ్మం ముందు నిలబడి, తువ్వాలు భుజంమీద ఓసారి సర్దుకున్నాడు. పెద్దకొడుకు కొనిచ్చిన సెల్‌ఫోను చొక్కా జేబులోకి జార్చి, సగం బయటికి కనిపించేలా మళ్లీ పైకి లాగాడు.

'ఊ... ఇప్పుడు తీయ్' అన్నాడు.